ఉస్తాద్ కోసం మోసిన మూట

ఈ ప్రయాణం చేసి వచ్చి ఆరు నెలలైంది. వచ్చిన వారంలోనే రాసి పడేయవలసిన దాన్ని ఇంతకాలం ఎందుకు ఆపానో చివర్లో చెబుతాను. అందాకా ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు: నేను అనుమానపు పక్షిని. కండక్టరు ఇచ్చిన చిల్లర రెండుసార్లు చూసుకుంటాను. పాలవాడు నవ్వుతూ వస్తే ఆ పూట నీళ్లు కాస్త ఎక్కువ కలిపాడనుకుంటాను. దేవుడు ఎదురుగా వచ్చి నిలబడినా మీరు రేషను కార్డు అడుగుతారని మా ఆవిడ అంటుంది. అడిగితే తప్పేమిటని నేనంటాను.

తెనాలిలో పుస్తకాల అట్టల మీద పేర్లు రాయడం నా వృత్తి. ఇరవై ఏళ్లుగా అక్షరాల మీదే బతుకుతున్నాను. డిటెక్టివ్ నవలకి నెత్తురు కారే అక్షరాలు, భక్తి పుస్తకానికి తోరణం కట్టిన అక్షరాలు, ఏది కావాలంటే అది సాయంత్రానికల్లా తయారు. అలాంటివాడికి మదనపల్లె నుంచి రెడ్డెప్ప ఉత్తరం రాశాడు. రెడ్డెప్ప పట్టునూలు వ్యాపారి. తన కొట్టు క్యాలెండరుకి నా చేత పేరు రాయించుకోవడంతో మాకు పరిచయం. కుప్పంలో ఒక ముసలి సాయబు అరబ్బీ అక్షరాలు రాస్తాడనీ, అవి చూసి తను ఏడ్చాననీ రాశాడు. చదవడం రాని భాషలో అక్షరాలు చూసి వ్యాపారి ఏడ్చాడంటే నమ్మే రకం కాదు నేను. ఇందులో ఏదో మతలబు ఉంది, తేల్చుకోవాలి అని బయలుదేరాను.

గల్లాపెట్టె మీద పటం

మదనపల్లెలో తెల్లవారి బస్సు దిగితే పళ్లు టకటక కొట్టుకున్నాయి. మా తెనాలిలో కార్తీకమాసమంటే తెల్లారి స్నానం చేసేవాళ్లకే చలి. ఇక్కడ టమాటా బుట్టలు దించే కూలీలు కూడా చెవులకి మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. బస్టాండు పక్క హోటల్లో కాఫీ అరవై పైసలు. మా ఊళ్లో కన్నా పది పైసలు తక్కువ, చిక్కగా కూడా ఉంది. తక్కువ ధరకి చిక్కటి కాఫీ ఎలా ఇస్తున్నారా అని గ్లాసు అడుగు దాకా చూశాను. ఏమీ కనబడలేదు.

రెడ్డెప్ప కొట్టులో గల్లాపెట్టె పైన వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే అంతే ఎత్తులో నల్ల సిరాతో రాసిన అరబ్బీ పటం. స్వామికి పెట్టిన చామంతిపూవే దానికీ పెట్టాడు. పొడుగాటి గీత ఒకటి కుడి నుంచి ఎడమకి గుమ్మడి తీగలా సాగి, చివర మెల్లగా పైకి లేచి ఆగిపోయింది. గీత బాగుందని మనసులో ఒప్పుకున్నాను. పైకి మాత్రం, సాయబుల బేరాలు రావడానికి పెట్టారా అని అడిగాను.

రెడ్డెప్ప కోపం తెచ్చుకోలేదు. రెండేళ్ల కిందట అతని భార్యకి ఊపిరితిత్తుల జబ్బు చేసి నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉంది. ఎదురుగా మగవాళ్ల వార్డులో మొదటి మంచం మీద ఒక సాయబు తమ్ముడు. ఆ సాయబు ఆ నెలలన్నీ ఊళ్లోనే ఉండి, రోజూ వచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని రాస్తుండేవాడట. ఆయనే ఖాదర్ సాయబు. అందరూ ఉస్తాద్ అంటారు, అంటే గురువు. తమ్ముడు పోయిన రోజున, అప్పటిదాకా రాసిన వాటిలో ఒకటి రెడ్డెప్పకి ఇచ్చి వెళ్లిపోయాడు. రెడ్డెప్ప భార్య బతికింది. ఇప్పుడు లోపల మాకు సంగటి తిప్పుతున్నది ఆవిడే.

"ఏం రాసి ఉందో తెలుసుకున్నారా?" అన్నాను.

"సదవడం రాదప్పా నాకు. సూడడం వచ్చు," అన్నాడు రెడ్డెప్ప. "ఆయన రాస్తా ఉంటే నేను ఊపిరి బిగబట్టుకుని సూస్తాంటి. ఆయన గూడా ఒక్కో గీతకి ఊపిరి బిగబట్టుకునే రాస్తాడని తరవాత తెలిసింది."

రాగి సంగటి, ఊరిబిండి వడ్డించారు. ఊరిబిండి అంటే వేయించిన వేరుశెనగలు, ఎండుమిరపకాయలు రుబ్బిన పచ్చడి. ఇక్కడ వేరుశెనగని చెనిక్కాయ అంటారు. సంగటి నమలకూడదు, మింగాలని ఆవిడ చెప్పింది. అతిథి చేత నమలకుండా మింగించే తిండేమిటని కాసేపు సందేహించి, ఆకలికి ఓడిపోయి మూడు ముద్దలు మింగాను. ఉస్తాద్ ఉండేది కుప్పంలో, కొడుకు దగ్గర. దారిలో పుంగనూరులో ఆయన శిష్యుడు మస్తాను ఉన్నాడు, ముందు అతన్ని కలవమని రెడ్డెప్ప సలహా ఇచ్చాడు.

పుంగనూరు: రేకుల మీద రాత

పుంగనూరులో మొదటి ఘనకార్యం ఆవు విషయంలో జరిగింది. ఒకాయన నడుమెత్తు కూడా లేని పశువుని తోలుకుపోతుంటే దూడ ముద్దుగా ఉందన్నాను. అది ఆవు, మూడు ఈతలు ఈనింది అన్నాడు. పరాయి ఊరివాడు దొరికాడని ఆట పట్టిస్తున్నాడనుకుని నేనూ గట్టిగానే వాదించాను. ఆ పెద్దమనిషి నడిబజారులో చెంబు తెప్పించి పాలు పితికి చూపించాడు. జనం నవ్వారు. ఆ పాలు కాస్త తాగి వెళ్లమన్నాడు కూడా.

మస్తాను బోర్డులు రాసే మనిషి. లారీల వెనకాల పేర్లు, ఎరువుల కొట్ల బోర్డులు, ఎన్నికలొస్తే గోడలు. నా ఈడువాడే, నలభై ఉంటాయి. తెలుగు అక్షరం బాగా రాస్తాడు. ఒక వృత్తివాడు ఇంకో వృత్తివాడిని మెచ్చుకోవడం కష్టం, అయినా చెబుతున్నాను. నేనూ అక్షరాలవాడినే అనగానే అన్నా అని పిలిచి, కొట్టు మూసి ఇంటికి తీసుకుపోయాడు. ఇంత తొందరగా నన్ను ఇంట్లోకి రానిస్తున్నాడంటే ఏదో అంటగట్టడానికే అనుకుని, చొక్కా లోపలి జేబు ఒకసారి తడిమి చూసుకున్నాను.

పెరట్లో షెడ్డు నిండా రేకులు. బోర్డులకి వాడే రేకులే, ఎనామిల్ రంగులే. వాటి మీద అరబ్బీ అక్షరాలు, కానీ రెడ్డెప్ప పటంలోలా వరసగా కుదురుగా లేవు. ఒకదాని మీద అక్షరాల చుక్కలన్నీ విడిపోయి వానలా జారుతున్నాయి. అది వాన పడని ఏట రాసిందట. ఇంకోదాని మీద నిలువు గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి, అది పండగ నమాజు. ఇవన్నీ ఎవరు కొంటారని అడిగాను. ఎవరూ కొనరు, తను అమ్మడు అన్నాడు. అమ్మనివి ఎందుకు రాస్తాడని నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

చివర గోడకి తిప్పిపెట్టిన రేకు ఒకటి ఉంది. వద్దులే అంటూనే ఇటు తిప్పాడు. నీలం మీద నలుపు, ఒకే అక్షరం. గుండ్రంగా ముడి వేసినట్టుండే 'హే' అనే అక్షరం, వందలసార్లు, ఒకదాని మీద ఒకటి. మధ్యలో నీలం అన్నది కనబడనంతగా నల్లబడిపోయింది. మస్తాను కూతురు ఆరేళ్లప్పుడు ఊపిరాడక చనిపోయింది. ఆ తర్వాత అతనికి ఏ మాటా రాయడం చేతకాలేదట. ఈ ఒక్క అక్షరమే చెయ్యి ఒప్పుకుంది. పలికితే ఉత్త ఊపిరే కదా అది, అన్నాడు.

ఈ రేకు తీసుకుని కుప్పం వెళ్లి గురువుకి చూపించాడు. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది ఏడుపు మస్తానూ, రాత గాదు అనేసినాడన్నా," అన్నాడు మస్తాను. "పదైదేండ్లు ఆయన దెగ్గిర నేర్సుకుంటి. ఆ దినం లేసి వస్తి. మళ్లా పోలేదు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం కన్నీళ్లా, నా కోసం తెచ్చుకున్నవా అని నేను పరీక్షగా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

పొద్దున బస్టాండుకి మస్తాను ఒక మూట పట్టుకుని వచ్చాడు. నీలం పువ్వుల దిండు గలీబు, మూతి దారంతో కుట్టేసి ఉంది. చిన్న దిండంత ఉంది, బరువు లేదు. గుప్పుమని గంధం వాసన. ఉస్తాద్ చేతికే ఇవ్వమన్నాడు, దారిలో విప్పొద్దన్నాడు. ఇందులో ఏముందని అడిగాను.

"ఆయనదే. ఆయనకే పోతాండాది. పోయి రా అన్నా," అన్నాడు, అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు.

చెక్‌పోస్టు

పలమనేరు దాకా మూట ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. పెద్దపంజాణి దగ్గర పక్క సీట్లోకి సదుం రైతు ఒకాయన ఎక్కాడు, గోవిందప్ప. నాకు గుప్పెడు ఉడకేసిన చెనిక్కాయలు పెట్టాడు. పలమనేరులో బస్సు మారాం, మళ్లీ పక్కనే కూర్చున్నాడు. అడవి దగ్గర పడుతుండగా ముక్కు ఎగబీల్చాడు.

"గంధం వాసన వస్తాండాది గదప్పా. ముందర సెక్‌పోస్టు ఉండాది. పోయిన వారం ఒగ పెద్దమనిషిని దించేసినారు, సంచిలో గంధం పేళ్లు పెట్టుకోని పోతా ఉంటే. సూడ్డానికి నీ మాదిరే ఉండాడు, కళ్లద్దాలు గూడా."

మూట మీద తువ్వాలు కప్పాను. ఆ అడవుల్లో గంధపుచెట్లు దొంగతనంగా కొట్టి పేళ్లు పేళ్లుగా దాటిస్తారని మదనపల్లెలోనే విన్నాను. విప్పొద్దన్న మాట, కుట్టేసిన మూతి, కొట్టు మూసి ఇంటికి పిలిచిన మర్యాద, కళ్లలో నీళ్లు, అన్నీ ఒక్కసారిగా కలిసొచ్చాయి. గోరుతో ఒక కుట్టు ఊడదీసి వేలు పెట్టాను. సన్నసన్నటి పచ్చటి పుల్లపేళ్లు. నా అనుమానం నిజమైనందుకు భయంతో పాటు కాస్త సంతోషం కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

చెక్‌పోస్టు ముందు నాలుగు లారీలు, వాటి వెనక మా బస్సు. దిగేవాళ్లు దిగండి, పది నిమిషాలు అన్నాడు కండక్టరు. లఘుశంకకని దిగాను. తువ్వాలు కింద మూట. రోడ్డు పక్క టీ కొట్టు, దాని వెనక కట్టెల కుప్ప. మూట అక్కడ పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నాను. ఫారెస్టు గార్డు ఎక్కి రెండు సంచులు ఎత్తి చూసి, గోవిందప్పతో అల్లుడెలా ఉన్నాడని మాట్లాడి దిగిపోయాడు. నా వైపు చూడను కూడా లేదు. కుప్పం చేరేదాకా మస్తానుకి రాయబోయే ఉత్తరం మనసులో కూర్చుకున్నాను. మంచి ఘాటుగా వచ్చింది.

కుప్పం: ఖాళీ డబ్బా

కుప్పంలో ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో మలుపు తిరిగి కన్నడంలో ముగుస్తుంది. లాడ్జి గది ఎనిమిది రూపాయలు, బకెట్టు వేడినీళ్లకి ఇంకో రూపాయి. రైలు కట్టకి అవతల వీధిలో ఉస్తాద్ ఇల్లు. కొడుకు రాళ్లు నునుపు చేసే చోట పనికి పోయాడు. కోడలు షమీమ్ తలుపు తీసి, మామగారు లోపల ఉన్నారని చెప్పి టీ పెట్టడానికి పోయింది.

ఉస్తాద్ డెబ్బై దాటిన మనిషి, ఈతచాప మీద కూర్చుని ఉన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి టీ ఒలికింది. రాసి చూపించమని అడిగాను. వణికే చేతివాడు ఎలా రాస్తాడో చూద్దామనే అడిగాను. రెల్లు కలం తీసుకుని, దీపపు మసి, తుమ్మబంక కలిపి నూరిన సిరాలో ముంచాడు. ఒక గీత ఎత్తు ఎంత ఉండాలో కలం మొనతో పెట్టిన చుక్కలతో కొలుస్తారు. ఇన్ని చుక్కలైతే నిలువు గీత, ఇన్నయితే అక్షరం గుండ్రటి కడుపు. ఊపిరి బిగబట్టి, దయ అనే అర్థమున్న మాట ఒకటి రాశాడు. కలం కాగితానికి తగిలిన క్షణం నుంచి లేచేదాకా చెయ్యి ఆవగింజంత కూడా అదరలేదు. లేవగానే మళ్లీ వణుకు. ఆ వణుకు నటనేమోనని కూడా నాకు తట్టింది, కానీ నటనకి నుదుటి మీద అంత చెమట పట్టదు.

నేను ఇరవై ఏళ్లలో అలాంటి గీత ఒక్కటి గీయలేదు. ఆ సంగతి తెలిసి దుఃఖం వచ్చింది. రెడ్డెప్ప మీద అనుమానం తగ్గింది.

సంతోషంగా ఉన్నప్పుడు రాస్తే గీత పొగరుగా లేస్తుంది, దుఃఖంలో రాస్తే కుంగిపోతుంది, రెండూ లేకుండా రాయడానికే నలభై ఏళ్లు పట్టింది అన్నాడు ఉస్తాద్. గోడకి జరీతో అల్లిన మక్కా వెల్వెట్ పటం తగిలించి ఉంది, కువైట్ నుంచి ఎవరో తెచ్చిందట. మిషను రాత, తప్పు లేదు, ఊపిరీ లేదు అన్నాడు. ఈలోగా పల్లె నుంచి ఒక రైతు ఇల్లాలు జ్వరం పిల్లని ఎత్తుకుని వచ్చింది. ఉస్తాద్ పింగాణీ తట్ట మీద కుంకుమపువ్వు నీళ్లతో నాలుగు వరసలు రాసి, నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు పిల్లకి తాగించాడు. అంత కష్టపడి రాసింది కడిగేస్తారా అన్నాను. లోపలికి పోయింది కదా అన్నాడు. ఆస్పత్రికి కూడా తీసుకుపొమ్మని ఆమెకి గట్టిగా చెప్పాడు.

నా కన్ను మాత్రం మూలన ఉన్న పెద్ద బిస్కెట్టు డబ్బా మీదే ఉంది. శుభ్రంగా తుడిచి, మూతకి ఆకుపచ్చ దారం కట్టి, ఎత్తు పీట మీద పెట్టారు. గంధం చేరేది ఇక్కడికేనన్నమాట అనుకున్నాను. దొంగని పట్టుకున్నవాడి గొంతుతో, ఆ డబ్బాలో ఏముందండీ అని అడిగాను.

మూత తీసి చూపించాడు. ఖాళీ.

కలం చెక్కేటప్పుడు రాలిన పేళ్లు పారెయ్యకూడదని ఆయన గురువు చెప్పాడట. మొదటి కలం నుంచి ప్రతి పేడూ దాచుకోవాలి. రాసేవాడు పోయినప్పుడు ఆఖరి స్నానానికి నీళ్లు ఆ పేళ్లతోనే కాచాలి. బతుకంతా రాసింది ఆ మంటలో ఒంటికి తగులుతుంది. యాభై ఏళ్ల పేళ్లు ఈ డబ్బాలో ఉండేవి. పోయిన వానాకాలం కట్టెలన్నీ తడిసి ఉన్న రోజున వాణియంబాడి నుంచి చుట్టాలు దిగారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి తెలియదు. ఎండు పేళ్లు కనబడితే పొయ్యిలో పెట్టి టీ కాచింది.

"నా స్నానం నీళ్లు పదకొండుమంది తాగిపోయినారప్పా," అని నవ్వాడు ఉస్తాద్. ఆ నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు. గుమ్మంలో షమీమ్ తల వంచుకుంది. మూడు రోజులు అన్నం తినకుండా ఏడ్చిందట ఆ పిల్ల.

"మళ్లీ పోగు చెయ్యలేరా?" అన్నాను.

"ఈ సలి దాటనని డాక్టరు సెప్పకనే సెప్పినాడు. ఈ సేత్తో దినానికి ఒగ కలం గూడా సెక్కలేను. మస్తాను దెగ్గిర కొన్ని ఉండాయి. నా దెగ్గిర ఉన్నన్నాళ్లూ పొద్దన్నే ఊడిసేది వాడే. సగం నా డబ్బాలో ఏసి, సగం వాడు భద్రంగా ఎత్తుకుపోతాండె. నేను అడగను. నా మాటకి వాడు అట్ల లేసిపోయినాక ఏం మొగం పెట్టుకోని అడిగేది? వాని రేకు మీద వాని బిడ్డ ఉండాది. నా రాతలో యాడా నేను లేను. అదే గొప్ప అనుకుంటి."

నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ గదిలో నాకొక్కడికే తెలుసు, మస్తాను ఎవరి నోటనో విని అడక్కుండానే పంపాడని. పంపింది ఎక్కడుందో కూడా తెలుసు.  రేపు మళ్లీ వస్తానని మాత్రం చెప్పి లేచాను.

నాగమ్మ పొయ్యి

మర్నాడు మొదటి బస్సుకి చెక్‌పోస్టు దగ్గర దిగాను. కట్టెల కుప్ప వెనక మూట లేదు. టీ కొట్టు నడిపే ఆవిడ పేరు నాగమ్మ. ఆమెని నేరుగా అడిగితే పోయేది. కానీ బెంచీ మీద నిన్నటి గార్డు కూర్చుని ఉన్నాడు. ఇది వల అయితే? మూట నాదని అనగానే పట్టుకుంటే? అతను లేచి వెళ్లేదాకా ఆగుదామని టీ చెప్పి కూర్చున్నాను.

నాగమ్మ బల్ల కింద చెయ్యి పెట్టి గుప్పెడు పేళ్లు తీసి పొయ్యిలో వేసి ఊదింది. భగ్గున మంట లేచింది. గార్డు బీడీ ముట్టించాడు. నాగమ్మ ఇంకో గుప్పెడు వేసింది. బల్ల కింద నీలం పువ్వుల గుడ్డ అంచు కనబడింది నాకు. ఏమనుకున్నారు? లేచి పట్టుకున్నాననుకున్నారా? లేదు. గార్డు బీడీ పూర్తయ్యేదాకా టీ చప్పరిస్తూ కూర్చున్నాను. అప్పటికి మూడో గుప్పెడు కూడా పడింది.

నేను అటే చూడడం గమనించి గార్డే చెప్పాడు. నిన్న ఎవరో వదిలేసి పోయారట. గంధమేమోనని విప్పి చూశారు. ఉత్త రెల్లుపేళ్లు, గుడ్డకి అత్తరు పూశారంతే. నాగమ్మకి పొయ్యిలోకి పనికొస్తాయని ఇచ్చేశారు. వాసన చూడగానే అతనికి తెలిసిపోయింది. అడవివాళ్లకి కట్టె తెలుస్తుంది. నాకు తెలిసింది అనుమానం ఒక్కటే.

అది నాదమ్మా అని అప్పటికి నా నోరు పెగిలింది. నాగమ్మ గలీబు నా ఒళ్లో పెట్టింది. అడుగున రెండు గుప్పెళ్లు మిగిలాయి.

"నిన్న మాపున్నించీ దీంతోనే కాస్తాండాను. నువ్వు తాగింది గూడా దీంతోనే. ముందే అడిగింటే ఇచ్చేసింటా గదప్పా, యాల ఊరికే కూసున్నావు?" అంది. టీ డబ్బులు కూడా వద్దంది.

రెండు రోజులు చెక్కడం

ఉస్తాద్ ముందు గలీబు పెట్టి జరిగిందంతా చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. ఆయన పేళ్లు అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. ఒక పేడు వేళ్లతో తిప్పి, ఇది మస్తాను చెక్కింది, వాడెప్పుడూ లావుగా చెక్కేవాడు అన్నాడు. ఆ తర్వాత పేళ్లు ఒక్కొక్కటే మళ్లీ గలీబులో వేశాడు. నేను తల ఎత్తలేదు.

మస్తాను లోపలేముందో ఎందుకు చెప్పలేదని చివరికి అడిగాను. చెప్పి ఉంటే ప్రాణం పోయినా వదిలేవాణ్ని కాదన్నాను.

"పయనం పోయే మనిషికి సావు మాట ఎవురు సెప్తారప్పా?" అన్నాడు.

అది ఆ నేల మర్యాద. మా వైపూ ఉంది. బయలుదేరేవాడి ముందు అశుభం పలకరు. నా క్షేమం కోసం అతను మూసుకున్న నోటిని నేను దొంగతనం అనుకున్నాను.

ఉస్తాద్ నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. తను ఉన్నంతవరకూ మస్తానుకి ఈ సంగతి తెలియకూడదని మాట తీసుకున్నాడు. వాడు పంపాడు, తనకి ముట్టింది, వాడికి అంతే తెలియాలి. తర్వాత ఒక రెల్లుకట్ట, చాకు నా ముందుకి తోశాడు.

"నువ్వూ అచ్చరాలు రాసేవానివే గదా. కూసోని సెక్కు. ఊరికే సెక్కితే లెక్కలోకి రాదు. సెక్కిన కలంతో రాయాల. తెలుగే రాయి, ఫరవాలేదు."

రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. చెక్కడం, రాయడం, మొన అరిగితే మళ్లీ చెక్కడం. వేలు రెండుచోట్ల తెగింది. ఎవరి పుస్తకం పేరూ కాకుండా, ఎవరూ డబ్బివ్వకుండా, 'అ' అనే అక్షరాన్ని ఎన్ని వందలసార్లు రాశానో తెలియదు. రెండోరోజు మధ్యాహ్నం ఒక 'అ' దగ్గర నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని గమనించాను. ఉస్తాద్ చూసి, ఇది ఉండనీ అన్నాడు. షమీమ్ నేల మీద పడ్డ పేళ్లు ఒక్కటి పోకుండా ఏరి డబ్బాలో వేసింది. డబ్బా అడుగు కనబడకుండా అయింది, అంతే.

తిరుగుదారి

పుంగనూరులో దిగి మస్తాను కొట్టుకి వెళ్లాను. లారీ మీద పేరు రాస్తూ నిచ్చెన దిగి వచ్చాడు. ముట్టిందా అని అడిగాడు. ముట్టిందన్నాను. ఏమన్నాడని అడిగాడు. నువ్వెప్పుడూ లావుగా చెక్కేవాడివన్నాడని చెప్పాను. మస్తాను పెద్దగా నవ్వాడు, వెంటనే రంగు చేతులతోనే మొహం కప్పుకున్నాడు. మర్నాడే కుప్పం పోతానన్నాడు. ఆ నీలం రేకు కూడా తీసుకుపొమ్మని చెప్పాను. అది ఇంకోసారి చూడాలని ఉందని ఆ రెండు రోజుల్లో ఉస్తాద్ నాతో అన్నాడు మరి.

పోయిన వారం మస్తాను దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అచ్చు పోసినట్టున్న తెలుగు. నెలన్నర కిందట, చలి తిరిగిపోయాక ఉస్తాద్ పోయాడు. చివరి మూడు నెలలూ తను దగ్గరే ఉన్నాడు. నీలం రేకు ఆయన మంచానికి ఎదురుగా పెట్టించుకున్నాడు. స్నానానికి నీళ్లు పేళ్లతోనే కాచాం, గోరువెచ్చగా అయ్యాయి, అన్నా నువ్వు చెక్కినవి కూడా వేశాం అని రాశాడు.

గోరువెచ్చగా. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. దిండంత మూట ఇచ్చినవాడు, డబ్బా మూత తీసినప్పుడు ఎన్ని పేళ్లున్నాయో చూసే ఉంటాడు. మూడు నెలలు ఆ డబ్బా పక్కనే పడుకున్నాడు. ఒక్క మాట అడగలేదు. కార్డు వెనక్కి తిప్పి చూశాను, ఎక్కడైనా నిష్ఠూరం ఉందేమోనని. మా ఇంట్లో అందరూ కులాసానా అని ఉంది.

నువ్వు అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది మస్తానూ. అడగలేదు కనక చెబుతున్నాను. నీ గురువుకి ఇచ్చిన మాట ఆయనతోనే తీరిపోయింది. నీ మూట చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టు వెనక పారేసింది నేనే. అది కాలుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది కూడా నేనే. ఆ మంట మీద కాచిన టీ ఒక గ్లాసు తాగాను.